ఓట్లు నాకు, బ్యాడ్జి ఆమెకు

ఒఫోరివా లార్బి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే మా బ్యాచిలో ఒక్కరూ ముందుకు రారు. నేను అసలే రాను. అయినా ఆమె కథ ఎవరైనా చెప్పాలంటే నేనే చెప్పాలి. ఆమె మీద నాకున్నంత కసి ఇంకెవరికీ లేదు. కసి ఉన్నవాళ్లు చూసినంత దగ్గరగా స్నేహితులు కూడా చూడరు.

మా బడి అక్వాపెమ్ కొండల మీద. ఆడపిల్లల హాస్టలు బడి, నాలుగు వందల మందిమి. ఒఫోరివా తల్లి మా వంటశాలలోనే పనిచేసేది. పొద్దున్నే మొక్కజొన్న గంజి, మధ్యాహ్నం ఆకులు విప్పిన కెంకే అనే పులిసిన పిండి ఉండలు ఆమె చేతి మీదుగానే మా పళ్లేల్లోకి వచ్చేవి. కూతురు కూడా మాతోపాటే వరసలో నిలబడేది. తన వంతు వచ్చినప్పుడు తల్లి మొహం వైపు చూసేది కాదు. తల్లీ చూసేది కాదు. ఒక చేప ముక్క ఎక్కువ పడిందని ఎవరైనా అంటారేమోనని ఇద్దరికీ భయం.

మనిషి పొట్టి. భుజాలు గట్టివి. నవ్వు తక్కువ. అన్నింటికీ మించి ఆమె నోటితోనే మాకు చిక్కు. మనసులో అనుకున్నది బయటికి వచ్చేటప్పుడు కాస్త మెత్తబడాలి కదా, ఆమెకు ఆ అలవాటే లేదు. "నీ మంచం కింద ఎలక చచ్చింది, నాలుగు రోజులైంది, నీకు వాసన రావట్లేదా" అని అందరి ముందూ అడిగేది. ఎలక నిజంగానే ఉండేది. అందుకే ఇంకా ఒళ్లు మండేది.

రెండో ఏడాది చివర్లో ప్రిఫెక్టుల ఎన్నికలు వచ్చాయి. భోజనశాలకు ఒక అమ్మాయి, ప్రార్థనకు ఒక అమ్మాయి, ఆవరణకు ఒక అమ్మాయి, ఇలా పిల్లల్లోంచే పెద్దల్ని పెడతారు. ఆవరణ ప్రిఫెక్టు పనులు ఎవరూ కోరుకునేవి కావు. మరుగుదొడ్లు, మురుగు కాలవలు, గడ్డి కోత, నీళ్లు, అన్నీ ఆమె నెత్తినే. కానీ ఆ పదవికి ఒక గది ఉండేది. హాలు చివర, చెక్క గోడతో వేరుచేసిన చిన్న గది, దానికి లోయ వైపు కిటికీ. నలభై మంది పడుకునే హాల్లో రెండేళ్లు పడుకున్నదాన్ని, ఆ కిటికీ కోసమే నేను పేరిచ్చాను. ఒఫోరివా కూడా ఇచ్చింది. మేమిద్దరమే.

ముందు హెడ్మిస్ట్రెస్ మిసెస్ ఒపారే, మరో ముగ్గురు ఉపాధ్యాయులు కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఒఫోరివా లోపల ఉండగా నేను బయట బెంచీ మీద ఉన్నాను. కిటికీ రెక్కలు తెరిచి ఉండటంతో లోపలి మాటలన్నీ వినబడ్డాయి.

"నువ్వంటే పిల్లలకి ఇష్టమేనా?" అని మిసెస్ ఒపారే అడిగింది.

"లేదు మేడమ్."

"కొంచెం కూడానా?"

"నా పక్క మంచం అమ్మాయికి కూడా లేదు."

లోపల ఎవరో మాస్టారు నవ్వాడు.

"మరెందుకు నిలబడ్డావు?"

"ఇప్పుడున్న అక్క మరుగుదొడ్ల లోపలికి రాదు మేడమ్. ముక్కు మూసుకుని గుమ్మం దగ్గరే నిలబడి, బాగున్నాయని రాసుకుని పోతుంది. అంతకుముందున్న అక్కా అంతే. నేనైతే లోపలికి వెళ్తాను."

"అంతేనా?"

"అంతే మేడమ్. ఇంకేం ఉంది అందులో?"

తర్వాత నన్ను పిలిచారు. సేవ చేయాలని ఉంది మేడమ్, చెల్లెళ్లందరికీ అక్కలా ఉండాలని ఉంది అన్నాను. మిసెస్ ఒపారే తలాడించి రాసుకుంది. లోయ వైపు కిటికీ సంగతి నేనెత్తలేదు.

మర్నాడు అందరి ముందూ ఉపన్యాసాలు. గడ్డి కోతలో తలా ఇంత వాటా తగ్గిస్తానని, తనిఖీ వారానికి ఒక్కసారే ఉంటుందని నేను మాటిచ్చాను. బల్లలు చరిచారు. ఒఫోరివా లేచి, "కాలవలు కంపు కొడుతున్నాయి. కడిగిస్తాను" అని కూర్చుంది. బుస్‌మన్నారు. ఓట్లు లెక్కపెడితే నాకు రెండు వందల తొంభై, ఆమెకు నలభైలోపు.

శుక్రవారం నోటీసు బోర్డు మీద ఆమె పేరుంది. చివరి మాట ఉపాధ్యాయులదని కింద ఒక వాక్యం. అక్కడే నిలబడి మూడుసార్లు చదివాను. నా వెనక ఎవరో "పాంట్రీ పిల్లకా?" అంది. ఆ పేరు ఆ పూట నుంచే అతుక్కుపోయింది.

బ్యాడ్జి ఇచ్చేరోజు ఆమెను వేదిక మీదికి పిలవగానే హాలంతా నోటికి చేతులడ్డం పెట్టుకుని ఊళలు వేసింది. మా బడిలో నచ్చనివాళ్లను అలాగే పలకరిస్తాం. మిసెస్ ఒపారే గంట కొడుతూనే ఉంది, ఆగలేదు. ఊళలు వాటంతటవే అలిసిపోయేదాకా ఒఫోరివా కదలకుండా నిలబడి, "రేపట్నుంచి మరుగుదొడ్లు రెండు పూటలా కడగాలి. ఎవరి వంతు ఎప్పుడో బోర్డు మీద రాశాను" అని దిగిపోయింది.

కడిగించింది కూడా. వంతు ఎగ్గొట్టినవాళ్ల దగ్గరికి భోజనాల వేళ చీపురు తెచ్చి పళ్లెం పక్కన పెట్టేది. తినడం అయ్యేదాకా అక్కడే నిలబడేది. తిట్టేది కాదు. తిట్టినా బాగుండేది.

మేమూ ఊరుకోలేదు. ఎండకు ఆరేసిన ఆమె పరుపు మీద కుళ్లు నీళ్లు పోశాం. గడ్డి కోసే ఆమె పొడుగు కత్తిని పాడుబడ్డ బావిలో పడేశాం. ఆమె హాల్లోకి రాగానే మాటలు ఆపేసేవాళ్లం, వెళ్లగానే నవ్వేవాళ్లం. ఆమె కూర్చున్న బల్ల దగ్గర మరెవరూ కూర్చునేవారు కాదు. వీటన్నిటి వెనకా ఎక్కువసార్లు నేనే ఉన్నాను. ఆమెకు తెలుసు.

క్రిస్మస్ సెలవుల తర్వాత, ఎడారి దుమ్ము మోసుకొచ్చే హర్మటాన్ గాలి మొదలైంది. పెదవులు పగిలాయి, ఆకాశం బూడిద రంగుకు తిరిగింది, బడి ట్యాంకు అడుగంటింది. ప్రతి ఏడూ ఉన్నదే. కొండ దిగువన ఊట ఉంది. అక్కడికి దిగి, నిండు బకెట్ నెత్తిన పెట్టుకుని ఎక్కి రావాలి. ఎక్కేది మొదటి, రెండో ఏడాది పిల్లలు. స్నానం చేసేది మూడో ఏడాది అక్కలు. నేనూ రెండేళ్లు మోశాను. ఒక్కో అక్క స్నానానికి రెండేసి బకెట్లు. మూడో ఏడు వస్తుంది, నా నీళ్లు ఇంకొకరు తెస్తారు అనుకుంటూనే ఆ మెట్ట ఎక్కాను.

సెలవుల నుంచి వచ్చిన రెండో రోజు పొద్దున, ఊట దారి మొదట్లో ఒఫోరివా నిలబడి ఉంది. నా వెనక ఇద్దరు చిన్నపిల్లలు నా బకెట్లు పట్టుకుని ఉన్నారు.

"ఎవరి బకెట్ వాళ్ల నెత్తిన" అంది.

"ఎవరే చెప్పింది ఆ మాట? మేడమా?"

"నేను."

"నువ్వెవరివే? పక్కకి తప్పుకో."

తప్పుకోలేదు. నేను తల వంచి నడినెత్తి చూపించాను. బకెట్ అడుగు ఒరుసుకుని జుట్టు ఊడి, బొటనవేలంత మచ్చ పడింది అక్కడ. "చూడు. బాగా చూడు. నీకూ ఉంది ఇది. లేదని చెప్పు."

"ఉంది."

"రెండేళ్లు మోశాం. మన వంతు వచ్చేసరికి చెడగొడతావా? మనం పడ్డదానికి ఎవరు చెప్పాలి జవాబు?"

"ఆ నీళ్లతో స్నానాలు చేసిన అక్కలు చెప్పాలి. వాళ్లు వెళ్లిపోయారు." వెనకున్న పిల్లల వైపు తల తిప్పింది. "వీళ్లు చెయ్యలేదు కదా."

"అబ్బో, పెద్ద న్యాయం. మీ అమ్మ గరిట పట్టుకుని బతుకుతుంది కాబట్టి అందరూ మోసుకునే బతకాలి నీకు."

అది ఆమెకు తగలాలనే అన్నాను. తగిలింది కూడా, దవడ బిగుసుకుంది. ఒక బకెట్ పిల్ల చేతిలోంచి తీసుకుని నా ముందు పెట్టింది. "ఒకటి చాలు స్నానానికి" అంది.

ఆ రోజు మూడో ఏడాది అమ్మాయిలం అందరం బకెట్లు అక్కడే వదిలేసి స్నానాలు మానేశాం. మూడు రోజులు మానేశాం. నాలుగో రోజు ఒంటి కంపు మాకే పట్టలేక ఒక్కొక్కరం దిగడం మొదలుపెట్టాం. మిసెస్ ఒపారే ఆమెను పిలిచి, ఎందుకొచ్చిన గొడవ, వదిలెయ్యమని చెప్పిందట. వదలమని రాతలో ఇమ్మందట ఈమె. మేడమ్ ఇవ్వలేదు, ఈమె వదల్లేదు.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. చిన్నపిల్లలకైనా ఆమె నచ్చాలి కదా. నచ్చలేదు. మొదటి ఏడాది పిల్లకు బడిలో ఒక పెద్ద అక్క అండ కావాలి. అక్కకు నీళ్లు తెస్తే అక్క తన తిండి పెట్టెలోంచి పెండలం వేయించి చేసిన గరి పిండి గుప్పెడు, చెంచా పంచదార పెడుతుంది. ఇంకెవరైనా ఏడిపిస్తే అడ్డం పడుతుంది. నీళ్లు ఆగిపోయేసరికి అక్కలు చిన్నపిల్లల మొహం చూడటం మానేశారు. వాళ్ల కోపమంతా ఒఫోరివా మీదికే మళ్లింది. "మాకేం కావాలో మమ్మల్ని అడిగిందా?" అని గొణిగేవారు.

ఆమె తల్లినీ వదల్లేదు మేము. కెంకే వడ్డిస్తుంటే పళ్లెం వెనక్కి తోసి, "ఉడకలేదు, మీ అమ్మాయికి పెట్టుకో" అనేవాళ్లం. రోజుకు ఇరవై మంది. ఒక మధ్యాహ్నం వంటశాల వెనక తల్లి కూతుర్ని చెవి పట్టుకుని ఆపడం నేను చూశాను.

"ఒసేయ్, ఈ పనితో నలుగురిని పెంచానే. నీ బ్యాడ్జి కోసం ఇది పోవాలా?"

"పోదమ్మా."

"పోతే?"

"పోతే తప్పు నాది."

"నీ తప్పు వండుకు తింటామా మేం?" అంది తల్లి. చెవి వదిలేసి లోపలికి పోయింది. ఒఫోరివా ఏడుస్తుందేమోనని ఆశగా చూశాను. ఏడవలేదు.

ముందు దారి మూసేస్తే జనం వెనక దారి వెతుక్కుంటారు. వంటశాల వెనక కర్ర పెండలం తోట ఉంది. దాని చివర్నుంచి ఊటకు నేరుగా దిగే ఏటవాలు ఒకటి. దారి కాదది. ఎర్ర గులకరాళ్లు, కాలు పెడితే జారతాయి. పిల్లలు అటుగా దిగి అక్కలకు నీళ్లు తేవడం మొదలుపెట్టారు. నాకు తెచ్చేది సాచిబియా. పదిహేనేళ్ల పిల్ల, సన్నగా, నోరు మాత్రం చురుకు. నేను బలవంతపెట్టలేదు. తనే వచ్చి, "అక్కా, నాకు గరి పిండి పెడితే ఆ కాలవల రాణి కళ్లు కప్పి తెస్తా" అంది. నేను నవ్వి బకెట్ ఇచ్చాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, నాలుగోసారో ఐదోసారో నీళ్లతో ఎక్కుతూ సాచిబియా జారింది. ఇరవై అడుగులు దొర్లింది. కుడి మోచెయ్యి విరిగింది. బకెట్ అంచు నుదురు చీల్చింది. పైకి తెచ్చేసరికి గౌను ముందుభాగమంతా రక్తం. ఆ పిల్లను ఊళ్లో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎవరు పంపారో ఆ పిల్ల చెప్పలేదు.

మర్నాడు పొద్దున అందరినీ హాల్లో నిలబెట్టింది మిసెస్ ఒపారే. "ఎవరి బకెట్ అది?" అంది. నాలుగు వందల మంది నేల చూశారు. నేనూ నోరు తెరవలేదు. నా చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు ఆ బకెట్ ఎవరిదో. ఎవరూ అనరన్న ధైర్యం నాది.

ఒఫోరివా వరసలోంచి బయటికి వచ్చింది.

"అమానువాది మేడమ్."

అమానువా నేనే. హాలంతా ఒక్కసారి బుస్‌మంది.

"నీకెలా తెలుసు?"

"ఆ పిల్ల వెనక దారిన దిగుతుంటే చూశాను. ఆ బకెట్‌ను ఊట దారిలో ఒకసారి అమానువా ముందు పెట్టింది నేనే."

"చూశావా? చూసి ఆపలేదా?"

"లేదు మేడమ్."

"ఎందుకు?"

అక్కడ ఆమె ఏ సాకైనా చెప్పుకోవచ్చు. ముందు దారిలో నలభై మంది వరసలో ఉన్నారని చెప్పవచ్చు, అది నిజం కూడా. ఆమె మాత్రం, "జారి పడితే బుద్ధొస్తుంది అనుకున్నాను" అంది.

అప్పుడు ఊళ కూడా రాలేదు. మిసెస్ ఒపారే వేదిక దిగి వచ్చి, ఆమె జేబు మీది బ్యాడ్జి తనే ఊడదీసింది. పిన్ను చిక్కుకుని జేబు గుడ్డ చిరిగింది.

నన్ను మూడు వారాలు ఇంటికి పంపేశారు. మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం ఆ ఇంట్లో కూర్చుని ఆ పిల్ల చెయ్యి గురించి తలచుకున్నది తక్కువ. ఒఫోరివా నా పేరు చెప్పిన తీరే తలచుకున్నాను. తన తప్పు తను చెప్పుకుంటే చెప్పుకుంది, నన్నెందుకు లాగాలి? నా పేరు చెబితే చెప్పింది, ఆ రెండో మాట ఎందుకు? మొదటిది ఒక్కటే చెప్పి ఉంటే ఆమెను మనసారా తిట్టుకునేదాన్ని. రెండోది ఒక్కటే చెప్పి ఉంటే జాలిపడేదాన్ని. రెండూ చెప్పేసి నాకు ఏ దారీ లేకుండా చేసింది.

తిరిగి వచ్చాక నాకు శిక్ష ఇంకా ఉంది. సాయంత్రాలు పెండలం తోటలో కలుపు తీయాలి. మొదటి రోజు కత్తి పట్టుకుని వెళ్లేసరికి తోట చివర్నుంచి మట్టి తవ్వుతున్న చప్పుడు. ఒఫోరివా. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న మొద్దు కత్తితో ఆ ఏటవాలులో మెట్లు కొడుతోంది. పై నుంచి పదకొండో పన్నెండో అయ్యాయి. బ్యాడ్జి పోయింది కాబట్టి ఇప్పుడు ఆమెను చూసి ఊళ వేయడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. కొత్త ప్రిఫెక్టు మంచి పిల్ల, అందరికీ ఇష్టం. చిన్నపిల్లలు మళ్లీ అక్కల బకెట్లు మోస్తున్నారు. ముందు దారిలోనే, దర్జాగా.

మేమిద్దరం పది గజాల దూరంలో పనిచేశాం. రోజూ. ఒక్క మాట లేదు. ఆమె రాయి పెకలిస్తే దొర్లుకుంటూ పోయే చప్పుడు, నా కత్తికి గడ్డి తెగే చప్పుడు. ఒకరోజు నాకు పట్టరాక, "ఎవరు చెప్పారే నిన్ను ఇది చెయ్యమని?" అన్నాను. ఇంకో రాయి పెకలించి కిందికి తోసింది.

రెండో వారంలో సాచిబియా వచ్చింది. చేతికి పిండికట్టు, నుదుటి మీద కుట్లు. తోట గట్టు మీద నిలబడి కిందికి చూసింది. నన్ను పలకరించలేదు.

"నేను పడాలనుకున్నావటగా" అంది ఒఫోరివాతో.

"అనుకున్నాను."

"పడ్డాగా. తృప్తేనా?"

ఒఫోరివా నడుం నిలబెట్టి చెమట తుడుచుకుంది. "నువ్వు దొర్లేటప్పుడు చప్పుడు విన్నాను. అప్పట్నుంచి తిండి సయించట్లేదు" అంది.

"నాకు సయిస్తోందిలే. ఎడం చేత్తో తింటున్నా. అందరూ అసహ్యంగా చూస్తున్నారు." మా దగ్గర ఎడం చేత్తో తినడమంటే ఎంత చిన్నతనమో వేరే చెప్పక్కర్లేదు. "ఈ మెట్లు నా కోసమా?"

"కాదు. నువ్వింక ఇటు రావుగా. వచ్చేవాళ్ల కోసం."

"ఆ నాలుగోది వంకరగా ఉంది."

"ఎటు?"

"ఎడమకి."

ఒఫోరివా పైకెక్కి చూసి, నాలుగో మెట్టు చెక్కి మళ్లీ కొట్టింది. సాచిబియా గట్టు మీద కూర్చుంది. తర్వాత రోజూ వచ్చి కూర్చునేది. సాయం చెయ్యడానికి కాదు, వంకలు పెట్టడానికి. "అది మెట్టా, పిట్టగూడా?" అనేది. "నా కాలంత వెడల్పు లేదు" అనేది. ఒఫోరివా ప్రతి వంకకూ దిగి చూసేది. నిజమైతే సరిచేసేది, కాకపోతే "బాగానే ఉంది" అనేది. ఊట దాకా చేరేసరికి ఈస్టరు వచ్చింది.

ఆ మెట్లు కొన్ని నెలలే పనికొచ్చాయి. ఆ ఏడే ప్రభుత్వం వాళ్లు కొండ మీదికి కొళాయి వేశారు. ఎవరు ఎవరికి నీళ్లు మోయాలన్న తగవే లేకుండా పోయింది. సాచిబియా మోచెయ్యి మాత్రం పూర్తిగా చాచుకోలేదు. తర్వాత టీచరైంది, నల్లబల్ల మీద చెయ్యి కొంచెం వంచి రాస్తుందని విన్నాను. నేను క్షమించమని ఉత్తరం రాశాను ఒకసారి. జవాబు రాలేదు. రావాలని అనుకోవడం కూడా తప్పేమో.

మళ్లీ ఒఫోరివాను చూసింది పంతొమ్మిదేళ్ల తర్వాత. అప్పటికి నాకు కొండ దిగువ, లారీలు ఆగే ఊళ్లో, ఉడికిన పెండలం దంచి ముద్దలు పెట్టే ఫుఫు హోటలుంది. మంచి పేరున్న హోటలు. మధ్యాహ్నం పన్నెండుకు రెండు రోకళ్లు దంచుతుంటే, ఖాకీ బట్టల్లో ఒక పొట్టి ఆడమనిషి వెనక గుమ్మంలోంచి వచ్చింది. ముందు నుంచి రాలేదు, వెనక నుంచి. బజారంతా అప్పటికే గుసగుసలు, "సమన్-సమన్ వచ్చింది, సమన్-సమన్ వచ్చింది" అని. శానిటరీ వాళ్లను మేం అలాగే పిలుస్తాం, చేతిలో కోర్టు సమన్లు పెట్టి పోతారు గనక. వాళ్లు వచ్చారంటే వ్యాపారులు కుండలు దాచుకుంటారు, పిల్లలు వెంటబడి ఎగతాళి చేస్తారు.

భుజాలు చూసి గుర్తుపట్టాను.

"ఒఫోరివా, నేను అమానువాని" అన్నాను.

"తెలుసు" అంది, పుస్తకంలో రాసుకుంటూనే. "కాలవ మీదే వంటిల్లు కట్టావు."

"పంతొమ్మిదేళ్లయినా పగ పోలేదన్నమాట నీకు."

అప్పుడు తలెత్తింది. నిజంగా అర్థంకానట్టు చూసింది. "పగా? అమానువా, పాచిపోయిన నీళ్లు ఇక్కడున్నాయి, నీ ఫుఫు అక్కడుంది. మధ్యలో మూడు అడుగులు. నాకు వేరే పగ ఎందుకు?"

హోటలు నాలుగు రోజులు మూయమని కాగితం రాసి నా చేతిలో పెట్టింది. తినేవాళ్లందరి ముందూ. నాకు ఒళ్లు తెలియలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను, వంటింటి కూతురివి వంటిళ్ల మీదే పడి ఏడుస్తున్నావన్నాను. కొందరు నవ్వారు. ఆమె కలం మూత పెట్టుకుని, "మా అమ్మ పోయిన ఏడు పోయింది" అంది. అంతే అంది. వెళ్లబోతుంటే నేనే ఆపాను. ఎందుకు ఆపానో తెలియదు.

"ఒకటడుగుతా, చెప్పి పో. ఆ రోజు హాల్లో, పడితే బుద్ధొస్తుంది అనుకున్నానన్నావు చూడు. నీ మనసులో మాట అది. ఎవరికి తెలుసని? ఎందుకు చెప్పావు?"

"అడిగిందిగా మేడమ్, ఎందుకు ఆపలేదని."

"అడిగితే చెప్పేయడమేనా?"

"మరి అడిగింది నన్నేగా" అంది.

నాలుగు రోజులు కాలవ తవ్వించి, వంటిల్లు రెండు గజాలు వెనక్కి జరిపించాను. ఐదో రోజు వచ్చి చూసింది. మోకాళ్ల మీద కూర్చుని గోడ కింద చెయ్యి పెట్టి తడి ఉందా లేదా అని చూసింది. తెరుచుకోమంది. భోంచేసి వెళ్లమన్నాను, పైకి మర్యాదకే. తనిఖీ చేసే చోట తినను అంది. ఎక్కడ తింటావే మరి, ఈ ఊళ్లో నువ్వు తనిఖీ చెయ్యని చోటేది అన్నాను. "ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుంటా" అంది. ఆ తర్వాత ఆమెను రోజూ చూశాను. లారీల అడ్డా గోడ పక్కన, ఒంటరిగా, గిన్నెలోంచి తింటూ. పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. పిలవాలని నాకూ అనిపించలేదు.

మా ఊళ్లో ఆమె మూడేళ్లుంది. మూడేళ్లూ ఎవరితోనూ పొసగలేదు. కసాయి బల్లలకు జాలీలు పెట్టించింది. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి చెల్లెలు చేపలు కాల్చే కొట్టును నడివానలో మూయించింది. అది మూయించిన నెలకే బదిలీ కాగితం వచ్చింది, ఎక్కడో ఉత్తరాన. బజారు ఆడవాళ్లు మూకుళ్లు వాయిస్తూ పాటలు పాడారు. నేను పాడలేదు. కానీ నా కొట్టు ముందు పాడుతుంటే ఆపమనీ అనలేదు, వాకిట్లో నిలబడి విన్నాను. ఆమె ఒక సంచీ, ఒక పెట్టె పట్టుకుని ఆ పాటల మధ్యలోంచే నడిచి బస్సెక్కింది. ఎవరి వైపూ కోపంగా చూడలేదు. ఎవరికీ చెయ్యి ఊపలేదు.

ఇప్పుడున్న ఇన్‌స్పెక్టరు కలుపుగోలు మనిషి. పేరు పెట్టి పలకరిస్తాడు, పిల్లల చదువులు అడుగుతాడు, కాలవ వైపు చూడకుండా బల్ల దగ్గర కూర్చుని రెండు ముద్దలు తిని వెళ్తాడు. ఊళ్లో అందరికీ ఆయనంటే ఇష్టం. పోయిన వానాకాలం అడ్డా వెనక వీధిలో కలరా వచ్చి ఇద్దరు పసివాళ్లు పోయారు. ఆ వారం మా కాలవ నేనే దిగి కడిగాను.